9 గుడ్లు, 18 మంది పిల్లలు

ముందే చెప్పేస్తాను, మా ప్రీస్కూల్లోకి జంతువుల్ని తెచ్చిన పని మొదటిసారి చెడిపోయింది. రెండోసారి కుదిరింది, మూడోసారి మా చేతుల్లో లేని కారణంతో ఆగిపోయింది. ప్రీస్కూల్లోకి జంతువుల్ని తేవాలనుకునే టీచర్లు ఈ మధ్య నన్ను అడుగుతున్నారు, ఏం తెచ్చారు, ఎక్కడ దొరికాయి, ఎంత ఖర్చయింది అని. ఏం తెచ్చామన్నది కాదు, ఎన్ని రోజులు ఉంచామన్నదే అసలు సంగతని నాకు 2024-25 బడి ఏడాదిలో తెలిసొచ్చింది. అదెలా తెలిసొచ్చిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మాది గుంటూరులో కొరిటెపాడు వైపు ఒక ఇంటి కింది వాటాలో నడిచే చిన్న బడి. రెండు గదులు, ముందు సిమెంటు వాకిలి, వెనక రేకుల పంచ, ఒక వేపచెట్టు. 2024-25లో నర్సరీ, పీపీ1 కలిపి 18 మంది, మూడున్నరేళ్ళ నుంచి ఐదు లోపు. టీచర్లం ఇద్దరం, ఆయమ్మ ఒకరు. పిల్లలు ఎక్కువమంది అపార్ట్‌మెంట్ల వాళ్ళు, నాన్నలు బ్యాంకుల్లో, షాపుల్లో, ఇద్దరు మిర్చి యార్డులో పనిచేసేవాళ్ళు. కోడిని దగ్గరగా చూసిన పిల్లలు నలుగురంటే నలుగురు, మిగతావాళ్ళకి కోడంటే ఆదివారం పొద్దున నల్ల కవర్లో ఇంటికొచ్చేది. పిల్లల పేర్లు రాయను. ఎర్ర బ్యాగు బాబు, రెండు పిలకల పాప అని రాస్తాను, ఎవరి గురించో వాళ్ళమ్మలకి ఎలాగూ తెలిసిపోతుంది.

కుందేళ్ళ రోజు

ఆగస్టులో ఒక శనివారం, పుట్టినరోజు పార్టీలకి కుందేళ్ళని, పక్షుల్ని అద్దెకి తెచ్చే ఒకతన్ని పిలిచాను. రెండు కుందేళ్ళు, ఒక గినీ పంది, ఒక పంజరంలో లవ్‌బర్డ్స్, ఇంకో పంజరంలో రామచిలుక తెచ్చాడు. నలభై నిమిషాల ప్రోగ్రాం. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి కుందేలుని ఒడిలోంచి ఒడిలోకి మార్చుతూ పోయాం, నేను ఫొటోలు తీస్తూ పోయాను. తెల్ల కుందేలు అస్సలు కదలకుండా కూర్చుంటే ఎంత బుద్ధిగా ఉందో అనుకున్నాను కూడా. అది బుద్ధి కాదు, భయం. కుందేలు వేటాడే జంతువు కాదు, వేటకి బలయ్యే జంతువు, పారిపోవడానికి దారి లేనప్పుడు అది బిగుసుకుపోతుంది. ఆ సంగతి నాకు తరవాత పశువుల డాక్టరు చెబితే తెలిసింది. అప్పటికే పదమూడో ఒడో పద్నాలుగో ఒడో అయింది, ఒక బాబు దాన్ని వెల్లకిలా పట్టుకున్నాడు, అది వెనక కాళ్ళతో ఒక్క తన్ను తన్నింది, బాబు ముంజేతి మీద మూడు గీతలు పడ్డాయి. కుందేలు అలా గట్టిగా తన్నుకున్నప్పుడు దాని వెన్నెముకే విరిగే ప్రమాదం ఉందట, ఆ రోజు అది జరగలేదు, అంతవరకు అదృష్టం.

సాయంత్రం ఆ బాబు వాళ్ళమ్మ ఫోను. "మేడమ్, మావాడి చేతి మీద గీతలేంటి? ఫీజు కట్టేది ఇందుకేనా?" నా దగ్గర జవాబు లేదు. సబ్బునీళ్ళతో కడిగించి, డాక్టరుకి చూపించి, ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేశారో కార్డులో చూసుకుని, క్షమించమని అడిగాను.

రామచిలుక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది టీచర్లకి తెలియదు, నాకూ తెలియదు. మన రామచిలుకల్ని పంజరంలో పెట్టి పెంచడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. నక్షత్ర తాబేళ్ళూ అంతే. లవ్‌బర్డ్స్ బయటి దేశాల పక్షులు కాబట్టి వాటి లెక్క వేరు. అంటే నేను 18 మంది పిల్లల ముందు చట్టం ఒప్పుకోని పక్షిని పెట్టి చప్పట్లు కొట్టించాను.

ఇంత చేసి పిల్లలు నేర్చుకున్నదేమిటి? సోమవారం అడిగాను.

"శనివారం బడికి ఎవరొచ్చారు?"

"ఫొటో దిగాం!"

"కుందేలు ఏం తింటుంది?"

"చిప్స్."

చిప్స్ అన్నది ఒక్కరు కాదు, నలుగురు. ఆ రోజు స్నాక్స్ చిప్సే మరి.

ఆయమ్మ మాట

ఈ గొడవంతా చూసిన మా ఆయమ్మ రెండు నెలలు ఏమీ అనలేదు. ఆవిడది నల్లపాడు దాటాక ఊరు, ఇంటి దగ్గర నాటుకోళ్ళు ఉన్నాయి. కార్తీక మాసంలో ఒక రోజు గిన్నెలు కడుగుతూ అన్నది, "ఊరికే తెచ్చి ఊరికే తీసుకుపోతే ఏం తెలుస్తదమ్మా పిల్లకాయలకి? మా ఎర్రపెట్ట పొదుగుకొచ్చింది. ఈడ పంచలో పొదగేద్దామా?"

నాకు ఒక్కసారిగా టెన్షన్ వచ్చింది. గుడ్లు పొదగడానికి 21 రోజులు, అన్నాళ్ళూ బడిలో కోడా? రెట్ట, వాసన, తల్లిదండ్రులు, పందికొక్కులు. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాను, అయితే ఈసారి ముందు పని ముందు చేశాను.

మొదటి పని, పిల్లలకి ఇప్పటికే ఏం తెలుసో రాసుకోవడం. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు. ఒకటి, వీటిలో ప్రాణం ఉన్నవి ఏవి: కోడి, వేపచెట్టు, ఫ్యాను, ఆటో, రాయి. ఫ్యానుకి ప్రాణం ఉందన్నవాళ్ళు సగం పైనే, "తిరుగుద్ది కదా టీచర్". వేపచెట్టుకి లేదట, "అది అక్కడే ఉంటది". కదిలేదానికి ప్రాణం ఉంటుందనుకోవడం ఈ వయసు పిల్లల్లో మామూలే, జీన్ పియాజే అనే మనస్తత్వవేత్త ఇలాంటి జవాబుల్ని 1920ల్లోనే పోగుచేసి పెట్టాడు. రెండో ప్రశ్న, ఒక కుక్కపిల్ల ముద్దుగా ఉంది, దాన్ని ఎప్పటికీ అంతే చిన్నగా ఉంచుకోగలమా? దీన్ని నేను కనిపెట్టలేదు. జపాన్‌లో కయోకో ఇనగాకి అనే పరిశోధకురాలు 1990లో అచ్చయిన పనిలో, ఇంట్లో గోల్డ్‌ఫిష్ పెంచిన ఐదేళ్ళ పిల్లల్నీ పెంచనివాళ్ళనీ పోల్చి చూసింది. చేపని పెంచిన పిల్లలు తామెప్పుడూ పెంచని కప్ప గురించి అడిగినా, నా చేప పెరిగింది కాబట్టి కప్ప కూడా పెరుగుతుంది అన్న తీరులో ఆలోచించారు. ఆ ప్రశ్ననే నేను కుక్కపిల్లకి మార్చుకున్నాను. మా క్లాసులో చాలామంది "ఉంచుకోవచ్చు" అన్నారు. ఎలా అంటే, "తక్కువ పెడితే సరి". ఒక పాప "చిన్న చొక్కా వేయాలి" అన్నది.

రెండో పని, ముట్టుకోవడం గురించి తేల్చుకోవడం. ఆరోగ్యంగా కనిపించే కోళ్ళ నుంచి కూడా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అంటుకోవచ్చు, విరేచనాలు, జ్వరం వస్తాయి, చిన్నపిల్లల్లో అది ముదరొచ్చు. అందుకే అమెరికాలో సీడీసీ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఐదేళ్ళ లోపు పిల్లల చేతికి కోడిపిల్లల్ని ఇవ్వొద్దని స్పష్టంగా చెబుతుంది. ఆయమ్మ నవ్వింది, "మేం వాటి మధ్యనే పొర్లాడాం గదమ్మా". నిజమే, కానీ ఇంట్లో మీ పిల్లలు, మీ కోళ్ళు. బడిలో ఉన్నది నన్ను నమ్మి పంపిన వేరేవాళ్ళ పిల్లలు. కాబట్టి సుద్దతో గీత గీశాం. గీతకి ఇవతల పిల్లలు, అవతల కోడి, ఆయమ్మ. నూకలు వేయాలన్నా ఆయమ్మే, గంప ఎత్తాలన్నా ఆయమ్మే. పంచలో తినడం, తాగడం బంద్. వెళ్ళొచ్చాక ప్రతి ఒక్కరూ సబ్బుతో, కుళాయి కింద, ఇరవై లెక్కపెట్టే దాకా చేతులు కడగాలి, శానిటైజర్ లెక్కలోకి రాదు. మొదటి వారం మా పిల్లల లెక్క "ఒకటి, రెండు, మూడు, ఇరవై!" అని సాగింది. డిసెంబరుకి మాత్రం ఇరవై దాకా తప్పకుండా చెప్పేవాళ్ళు, అది మేం విడిగా నేర్పలేదు.

మిగతావి త్వరగా చెబుతాను. పశువుల ఆసుపత్రిలో కోడిని చూపించి కొక్కెర తెగులు టీకా వేసిందీ లేనిదీ కనుక్కున్నాం. తల్లిదండ్రులకి ఉత్తరం పంపి సంతకాలు తీసుకున్నాం, ఆయాసం, అలర్జీ ఉన్న ఇద్దరు పిల్లల్ని కిటికీ లోంచి చూపించేటట్టు ఒప్పుకున్నాం. ఖర్చు అంటే గంప, వరిగడ్డి, నూకలు, సబ్బులు. ఆయమ్మకి ఆదివారాలు వచ్చినందుకు విడిగా ఇచ్చాను, అది ఇవ్వకుండా ఈ పని చేయకండి.

21 చింతపిక్కలు

2024 నవంబరు 17, ఆదివారం రాత్రి ఎర్రపెట్ట వచ్చింది. రాత్రే ఎందుకంటే పొదుగు మీదున్న కోడిని పగలు కదిలిస్తే చెదిరిపోయి మళ్ళీ కూర్చోదట. చీకట్లో తెచ్చి, గంపలో వరిగడ్డి మీద 9 గుడ్లు పెట్టి, దాన్ని మెల్లగా పైన దించింది ఆయమ్మ. రాత్రిళ్ళు గంపని స్టోరు గదిలో పెట్టి తలుపు వేసేవాళ్ళం, పందికొక్కుల భయం.

సోమవారం పొద్దున పిల్లలు గీత దగ్గర కూర్చుని చూశారు. కోడి కదల్లేదు. పది నిమిషాలు. "ఇది బొమ్మా టీచర్?" అన్నారు. మంగళవారం కూడా కదల్లేదు. బుధవారానికి నాకే బోరు కొట్టింది, మళ్ళీ తప్పు చేశానా అనిపించింది. అప్పుడే రెండు పిలకల పాప అడిగింది, "అది అన్నం ఎప్పుడు తింటది?" ఎవరికీ తెలియదు. నాకు తెలుసు, చెప్పలేదు. ఆయమ్మని కూడా చెప్పొద్దన్నాను. కనిపెట్టి చూడాలని పిల్లలే వంతులు వేసుకున్నారు. రెండు రోజుల తరవాత పదకొండింటికి కాస్త ముందు, కోడి లేచింది, ఒళ్ళు దులుపుకుంది, గంపలోంచి దిగి నూకలు గబగబా పొడుచుకు తిన్నది, నీళ్ళు తాగింది, ఇంత పెద్ద రెట్ట వేసింది, మళ్ళీ వెళ్ళి కూర్చుంది. మొత్తం పావుగంట. వంతులో ఉన్న ఇద్దరు పిల్లలు అరుచుకుంటూ లోపలికొచ్చారు. రోజుకి ఒక్కసారే లేస్తుందని తెలిశాక, "మధ్యలో ఆకలేస్తే?" అన్న ప్రశ్న మీద మా క్లాసు మూడు రోజులు నడిచింది.

రోజుల లెక్కకి చింతపిక్కలు పెట్టాం. రోజూ పొద్దున ఒకరు ఒక పిక్కని సీసాలో వేయాలి, 21 అయ్యేసరికి గుడ్లలోంచి కోడిపిల్లలు లేస్తాయి. మొదటి ఆదివారం గడిచి సోమవారం వచ్చింది. రెండు పిక్కలు వేయాలన్నాను.

"ఎందుకు రెండు? నిన్న బడి లేదు కదా టీచర్."

"బడి లేకపోతే కోడి లేచి వెళ్ళిపోయిందా?"

అందరూ ఆలోచనలో పడ్డారు. మనం లేనప్పుడు కూడా కోడి అక్కడే కూర్చుని ఉందన్న సంగతి వాళ్ళకి అప్పటిదాకా తట్టలేదు. కుందేళ్ళ రోజు ఈ ఆలోచన రావడానికి వీలే లేదు, ఎందుకంటే ఆ కుందేళ్ళు మా గేటు దగ్గర పుట్టి గేటు దగ్గర మాయమయ్యాయి.

ఇప్పుడు ఎర్ర బ్యాగు బాబు సంగతి. నాలుగేళ్ళ నాలుగు నెలలు. క్లాసులో మాట్లాడేవాడు కాదు, కావలసింది వేలితో చూపించేవాడు, గుంపులో ఆటకి వచ్చేవాడు కాదు. ఆయమ్మ గుడ్ల మీద పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టింది, వేరే కోడి వచ్చి గుడ్డు పెట్టినా ఏది మనదో తెలియడానికి. అలవాటు అంతే, మా బడిలో వేరే కోడి ఎక్కడిది. నాలుగో రోజో ఐదో రోజో కోడి మేతకి లేచినప్పుడు ఈ బాబు గీత దగ్గర బోర్లా పడుకుని గంపలోకి చూస్తున్నాడు. చూసి చూసి, నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాగాడు.

"ఇంటూ లేదు."

నేను వంగి చూశాను. పెన్సిల్ గుర్తు పైకి ఉన్న గుడ్లు మూడే. మిగతావాటి గుర్తులు పక్కకో కిందకో పోయాయి. ఆయమ్మని పిలిస్తే చెప్పింది, కోడి ముక్కుతో గుడ్లని తిప్పుకుంటూనే ఉంటుంది, తిప్పకపోతే లోపలి పిల్ల పెంకుకి అతుక్కుపోతుంది. నేను కాలేజీలో చదువుకున్నదాన్ని, గుడ్లు తిప్పుతుందని నాకు తెలుసు, కానీ ఆ గుర్తుని చూసి దాన్ని కనిపెట్టొచ్చని నాకు తట్టలేదు, వాడికి తట్టింది. మర్నాటి నుంచి రోజూ ఎన్ని ఇంటూలు పైకి ఉన్నాయో వాడే చెప్పేవాడు. "నాలుగు." "ఒకటే." వేరే పిల్లలు వాణ్ణి వెతుక్కుంటూ వచ్చి అడిగేవాళ్ళు. కోడి వల్ల మాటలు వచ్చాయని నేను రాయను. వాడి మాట సంగతి తల్లిదండ్రులు విడిగా డాక్టరుకి చూపించుకున్నారు, ఆ దారి వేరు. వాడికి చెప్పడానికి తనదంటూ ఒక వార్త దొరికింది, అంతవరకే నేను చూశాను.

ఎనిమిదో రోజు మూడు గుడ్లని మాత్రం గది చీకటి చేసి ఫోను టార్చి మీద పెట్టి చూపించాం. ఎర్ర దారాల్లాంటి నరాలు, మధ్యలో నల్ల చుక్క కదులుతోంది. పిల్లలు కిమ్మనలేదు. ఎక్కువసార్లు చూపిస్తే కోడి చెదురుతుందని ఆయమ్మ మళ్ళీ తీయనివ్వలేదు.

ఇంకో మాట. ఈ మూడు వారాల్లో పిల్లలకి వచ్చిన తెలుగు: పెట్ట, పుంజు, పొదుగు, గంప, నూకలు, రెట్ట, పెంకు. హెన్ అంటే ఫ్లాష్‌కార్డులో బొమ్మ, పెట్ట అంటే పంచలో కూర్చున్నది. ఒక నాన్నగారు నవ్వుతూనే అడిగారు, ఇంగ్లీషు మీడియం ఫీజు తీసుకుని రెట్ట అని నేర్పుతున్నారేంటండీ అని. ఈ వయసులో ఇంటి భాషలోనే నేర్పమని 2022లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళిక కూడా చెప్పిందని చెప్పాను. ఆయన ఒప్పుకున్నట్టు తల ఊపారు, ఒప్పుకున్నారని నేననుకోను.

కోడిపిల్లలు లేచిన రోజు, ఒకటి పోయిన రోజు

లెక్క ప్రకారం డిసెంబరు 8, ఆదివారం రాత్రి. సోమవారం క్లాసులో అందరూ చూస్తుండగా లేస్తాయని నేను ప్లాను వేసుకున్నాను. "అయ్యి లేవాల్సినప్పుడు లేస్తయ్యమ్మా, మీ టైంటేబుల్ వాటికేం తెలుసు" అన్నది ఆయమ్మ. సోమవారం తెల్లవారుజామున ఐదున్నరకి ఫోను. ఆరు లేచేశాయి.

ఒక్క గుడ్డు మాత్రం మా కోసం మిగిలింది. పొద్దున తొమ్మిదింపావుకి పెంకు మీద శనగగింజంత బీట. పిల్లలు గీత దగ్గర వరసగా కూర్చున్నారు. పావుగంటకి సగం మంది లేచి ఇసక దగ్గరికి పోయారు. అందులో తప్పేం లేదు, కోడిపిల్ల కాసేపు పొడిచి అరగంట పడుకుంటుంది, అది టీవీ కాదు. చివరిదాకా కూర్చున్నది ఐదుగురు. పదిన్నరకి బీట పెంకు చుట్టూ తిరిగింది, లోపల ముక్కు కనపడుతోంది, ఆడుతోంది, ఆగుతోంది. నాకు ఓపిక చచ్చిపోయింది. కాస్త పెంకు తీసేద్దామా అన్నాను. "చెయ్యి పెట్టమాకండమ్మా, నెత్తురొస్తది" అన్నది ఆయమ్మ. పొరలో రక్తనాళాలు ఇంకా ఎండిపోకముందే మనం ఒలిస్తే పిల్ల చచ్చిపోవచ్చు. పదకొండూ నలభైకి బయటపడింది. తడిసి, మెడ నిలవక, బొచ్చు అతుక్కుపోయి.

"ఇది కోడిపిల్ల కాదు, ఎలక," అన్నది రెండు పిలకల పాప, చాలా నిరాశగా. మధ్యాహ్నం ఇంటికెళ్ళే వేళకి అదే ఆరిపోయి పసుపు బంతిలా అయ్యేసరికి, పొద్దున చూసినదీ ఇదీ ఒకటేనని నమ్మించడానికి ఫోనులో ఫొటోలు చూపించాల్సొచ్చింది. దానికి పెట్టడానికి మరమరాలు తెచ్చిన పిల్లలకి, గుడ్డులో ఉన్న పచ్చసొన పిల్ల కడుపులోకి పోతుంది కాబట్టి రెండు రోజులు ఏమీ తినకపోయినా బతుకుతుందని చెప్పాం. "టిఫిన్ బాక్సు కడుపులోనే ఉందా?" అన్నాడొకడు.

గురువారం పొద్దున ఒక కోడిపిల్ల చచ్చిపోయి ఉంది. చివర లేచిందే అనుకుంటాను, ఖాయంగా చెప్పలేను. మా తోటి టీచరు పిల్లలొచ్చే లోపల తీసేద్దామన్నది. మిగిలిన ఆరింటిని చూసి ఎవరు లెక్కపెడతారు అన్నది. మావాళ్ళు లెక్కపెడతారు, ఆ మూడు వారాలూ వాళ్ళు చేసిన పనే అది. అట్టపెట్టెలో పెట్టి గీతకి అవతలే ఉంచాను, ముట్టుకోవద్దన్నాను. నిద్రపోతోంది, దేవుడి దగ్గరికి వెళ్ళింది అనే మాటలు వాడొద్దని ముందే అనుకున్నాం. నిద్రపోతోందంటే ఆ రాత్రి నిద్రకి భయపడే పిల్లలుంటారు.

"ఇది చచ్చిపోయింది. ఇక లేవదు, తినదు, దీనికి నొప్పి తెలియదు."

"కళ్ళు సగం తెరిచే ఉన్నాయి."

"తెరిచి ఉన్నా కనపడదు."

"సెల్ అయిపోయిందా?"

"దీనికి సెల్ ఉండదు నాన్నా. మార్చడానికి కుదరదు."

ఎర్ర బ్యాగు బాబు ఏమీ అనలేదు, కోడి వైపు చూస్తూ నిలబడ్డాడు, కోడి మిగిలిన ఆరింటిని వెంటేసుకుని నూకలు పొడుస్తోంది. "దాని అమ్మకి తెలుసా?" అన్నది ఇంకో పాప. నాకు తెలియదన్నాను. వేపచెట్టు కింద లోతుగా గొయ్యి తీసి ఆయమ్మ పూడ్చింది, పిల్లలు దూరంగా నిలబడి చూశారు.

ఇక్కడ నేను చేసిన తప్పు పెద్దది. తల్లిదండ్రులకి ఆ మధ్యాహ్నమే మెసేజ్ పెట్టాల్సింది, పెట్టలేదు. రాత్రి పదింటికి ఒక తల్లి ఫోను చేసింది, గొంతు వణుకుతోంది. "నువ్వు కూడా చచ్చిపోతావా అని గంట నుంచి ఏడుస్తోంది మేడమ్, నేనేం చెప్పాలి?" ఆవిడకి సంగతేంటో కూడా తెలియదు, పాపకి ఎవరో ఏదో చెప్పి భయపెట్టారనుకుంది. మర్నాడు అందరికీ ఉత్తరం పంపాను, ఏం జరిగింది, మేం ఏ మాటలు వాడాం, ఇంట్లో అడిగితే ఎలా చెప్పొచ్చు అని. ఒక్కరోజు ముందు పంపి ఉంటే ఆ ఇంట్లో ఆ రాత్రి అలా గడిచేది కాదు. చావు గురించి పిల్లలకి చెప్పడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను, పెద్దవాళ్ళకి చెప్పకుండా చెప్పడం తప్పు.

గంగిరెద్దు, ఆ తరవాత బర్డ్ ఫ్లూ

కోడి, పిల్లలు ఆ శనివారం ఆయమ్మ ఇంటికి వెళ్ళిపోయాయి. ధనుర్మాసంలో ఎప్పటిలాగే మా వీధిలోకి గంగిరెద్దు వచ్చింది, సన్నాయి వినపడగానే గేటు దగ్గరికి పోయాం. ఇది ప్లాను చేసింది కాదు. నేను గమనించింది ఒకటే, ఆగస్టులో చిప్స్ అన్న పిల్లలు ఇప్పుడు గేటు లోపల వాళ్ళంతట వాళ్ళే ఆగిపోయారు. "గీత ఎక్కడ టీచర్?" అన్నారు. తరవాత ప్రశ్నలు మొదలయ్యాయి, ఇది రాత్రి ఎక్కడ పడుకుంటుంది, ఆదివారం కూడా నడుస్తుందా, ముక్కుకి తాడెందుకు, నొప్పి పుట్టదా. గంగిరెద్దులాయన బాగా ఓపిగ్గా చెప్పాడు, "చిన్నప్పుడే కుట్టిస్తామమ్మా, అప్పుడు నొప్పే, ఇప్పుడు లాగితే నొప్పి, అందుకే లాగం." ఆ జవాబు నాకు పూర్తిగా నచ్చలేదు, కానీ దాపరికం లేని జవాబు, అలాగే వదిలేశాను.

ఫిబ్రవరి మధ్యలో ఎర్రపెట్టనీ ఎదిగిన పిల్లల్నీ మళ్ళీ తెచ్చి, అవే ఇవని పిల్లలు గుర్తుపడతారో లేదో చూడాలనుకున్నాం. నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం అదే. ఆ నెలలోనే గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ అని వార్త. చికెన్ కొట్లు ఖాళీ అయ్యాయి. మా పేరెంట్స్ గ్రూపులో ఒక్క గంటలో నలభై మెసేజ్‌లు. గుంటూరులో ఉందా లేదా అని వాదించే సమయం కాదు, ఆగిపోయాం. ఆ వసంతంలోనే పల్నాడు జిల్లాలో ఒక పసిపాప బర్డ్ ఫ్లూతో చనిపోయిందని తెలిసినప్పుడు, ఆగినందుకు మంచి పని చేశామనుకున్నాను, ముందు పెట్టిన సుద్దగీత అతి జాగ్రత్త కాదని కూడా అనుకున్నాను. ఇక బడిలో కోళ్ళని పెట్టను. పెట్టాలనుకునేవాళ్ళు ముందు పశుసంవర్ధక శాఖ వాళ్ళని అడిగి, వాళ్ళు వద్దంటే మారుమాటాడకుండా మానేయండి.

దానికి బదులు లాం ఫారం (పశువుల పరిశోధన కేంద్రం) తీసుకెళ్ళొచ్చు కదా, ఒంగోలు ఆవుల్ని చూస్తారు అని ఇద్దరు ముగ్గురు తల్లులు అన్నారు. మంచి మాటే, గుంటూరుకి ఆనుకునే ఉంది, ఒంగోలు జాతి మన పక్కనే పుట్టి బ్రెజిల్ దాకా పోయి నెలోర్ అన్న పేరుతో కోట్లలో పెరిగిన జాతి, పిల్లలు చూడాల్సిందే. కానీ ఒక్క పూట వెళ్ళి వస్తే మళ్ళీ "బస్సెక్కాం" అనే జవాబే వస్తుందేమోనని నా భయం. ఒకే ఆవుని నెలకోసారి చూపించే వీలుంటే తప్పకుండా వెళ్తాను.

మార్చిలో మళ్ళీ అవే రెండు ప్రశ్నలు అడిగాను. ఫ్యానుకి ప్రాణం ఉందన్నవాళ్ళు ఇంకా ఉన్నారు, ముగ్గురు. వేపచెట్టుకి ఉందన్నవాళ్ళు పెరిగారు, "నీళ్ళు తాగుద్ది, పెద్దదవుద్ది" అని కారణం చెప్పారు. కుక్కపిల్లని చిన్నగానే ఉంచుకోవచ్చా అంటే ఎక్కువమంది కుదరదన్నారు, అందులో ఐదుగురు కోడిపిల్లల పేరెత్తి చెప్పారు, తడిసిన ఎలక మధ్యాహ్నానికి మారిపోయింది కాబట్టి. ఇదంతా కోడి పుణ్యమేనని చెప్పలేను. నాలుగు నెలలు గడిచాయి, పిల్లలూ నాలుగు నెలలు పెద్దయ్యారు, కోడిని చూడని ఇంకో క్లాసుని నేను పక్కన పెట్టుకుని పోల్చలేదు. చిన్న చొక్కా అన్న పాప ఇప్పటికీ చిన్న చొక్కానే అన్నది.

ఒక విషయం రాయకుండా దాటేద్దామనుకున్నాను. 9 గుడ్లలో ఏడు లేచాయి, రెండు లేవలేదు. కోడి పిల్లలతో గంప దిగిపోయాక ఆ రెండూ వరిగడ్డిలో మిగిలాయి. పిల్లలు పగలగొట్టి చూద్దామన్నారు. కంపు కొడుతుందని, లోపల ఏం కనపడుతుందో అని భయపడి నేను మాట మార్చాను, ఆయమ్మ తీసుకెళ్ళి వాళ్ళింట్లో ఇంకో కోడి కింద పెట్టిందని చెప్పాను. చచ్చిపోయిన పిల్ల గురించి అంత నిజం చెప్పినదాన్ని, గుడ్ల దగ్గర అబద్ధం ఆడాను.

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం, ఎర్ర బ్యాగు బాబు, ఇప్పుడు పీపీ2, బ్యాగు కూడా నీలంది, నేరుగా ఆయమ్మ దగ్గరికి పోయాడు.

"ఆ రెండు గుడ్లు లేచాయా?"

ఆయమ్మకి నేను చెప్పిన కథ తెలియదు. "ఏ గుడ్లు నాన్నా, ఆ మిగిలినయ్యా? మురిగిపోయినయ్. కాలవలో పారేశా."

"ఓ," అన్నాడు. నా వైపు ఒకసారి చూసి, ఇసక దగ్గరికి పరిగెత్తాడు.